మత్తుకు ముందు భయం: పెంపుడు కుక్కల శస్త్రచికిత్స, హైదరాబాదు క్లోరోఫారం పరిశోధనల చరిత్ర

పెంపుడు కుక్కకు సంతానం కలగకుండా శస్త్రచికిత్స చేయించాలని నిశ్చయించుకున్న కుటుంబాన్ని ఆ చికిత్సకు ముందు రోజుల్లో వెంటాడే దిగులు చాలావరకు మత్తును గురించినదే. మగ కుక్కకు వృషణాలను, ఆడ కుక్కకు అండాశయాలను, ఎక్కువ సందర్భాల్లో వాటితోపాటు గర్భసంచిని కూడా తీసివేసే ఈ పనిని పశువైద్యులు నిత్యం చేసే శస్త్రచికిత్సల్లో ఒకటిగా చూస్తారు. కోత ఎక్కడ పెడతారు, కుట్లు ఎన్ని వేస్తారు అన్న వివరాలు ఇంట్లోవారిని అంతగా కలవరపెట్టవు గాని, మత్తిచ్చిన తరువాత అది మళ్లీ కళ్లు తెరుస్తుందా అన్న ఒక్క ప్రశ్న మాత్రం ముందు రాత్రి నిద్ర పట్టనివ్వదు. ఈ ప్రశ్నను అతిప్రేమగానో అమాయకత్వంగానో తీసిపారేయడం బంధుమిత్రుల్లోనూ, అప్పుడప్పుడు వైద్యుల్లోనూ కనిపించే అలవాటు. మత్తుమందుల చరిత్రను పరిశీలిస్తే, ఇదే ప్రశ్న అరవై ఏళ్లకు పైగా ఐరోపా వైద్యలోకాన్ని చీల్చి ఉంచిందని, దాన్ని తేల్చడానికి జరిగిన పెద్ద ప్రయత్నాల్లో ఒకటి 1888, 1889 సంవత్సరాల్లో హైదరాబాదు నగరంలో, ముఖ్యంగా కుక్కల మీదనే జరిగిందని, ఆ భయాన్ని కొట్టిపారేసినవారికంటె దాన్ని పట్టించుకుని పరిశీలించినవారే చివరకు సత్యానికి దగ్గరగా నిలిచారని తెలుస్తుంది.

జంతువుల నిర్బీజీకరణ, అంటే సంతానోత్పత్తి అవయవాలను తొలగించడమో పనికిరాకుండా చేయడమో, మత్తుమందుకంటె కొన్ని వేల ఏళ్లు పాతది. క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ తన జంతుశాస్త్ర గ్రంథంలో మగ జంతువుల వృషణాలను తొలగించడాన్నే కాక, ఆడ పందులకు, ఆడ ఒంటెలకు అండాశయాలు తీసివేసే ఆచారాన్ని కూడా వర్ణించాడు. తెలుగు పల్లెల్లో కోడెను దుక్కికి, బండికి లొంగే ఎద్దుగా మార్చడానికి విత్తులు కొట్టడం సేద్యంలో ఒక భాగంగానే ఉండేది. పశువును పడదోసి, కాళ్లు కట్టి, వృషణాలకు పైనుండే నాళాలను నలిపే ఆ పద్ధతిలో మత్తు ఊసే లేదు. దానికి బదులు బలమైన మనుషులు, గట్టి తాళ్లు ఉండేవి. 20వ శతాబ్దం తొలినాళ్లలో ఇటలీ పశువైద్యుడు నపోలియోనె బుర్దిజ్జో పేరుతో వ్యాప్తిలోకి వచ్చిన పటకారు, చర్మాన్ని కోయకుండానే లోపలి రక్తనాళాలను, వీర్యనాళాన్ని నలిపివేసే సాధనం కాబట్టి, రక్తస్రావాన్ని, చీము పట్టడాన్ని తగ్గించగలిగింది గాని నొప్పిని తగ్గించలేదు. రైతుకు దిగులు లేదని కాదు. ఎద్దు దక్కకపోతే ఆ ఏటి సేద్యమే దెబ్బతింటుంది. అయితే పశువు పడే బాధను తప్పించే దారి ఒకటి ఉండవచ్చునన్న ఊహే లేని కాలంలో, ఆ దిగులుకు మొక్కు తప్ప మరో మార్గం కనిపించలేదు.

కుక్కకు, అందులోనూ ఆడ కుక్కకు, ఈ చికిత్స సాధ్యం కావడానికి రెండు విషయాలు సమకూరవలసి వచ్చింది. పొట్ట తెరిచి లోపలి అవయవాన్ని ముడివేసి కోయాలంటే జంతువు కదలకుండా, నొప్పి తెలియకుండా ఉండాలి. తెరిచిన పొట్టలోకి సూక్ష్మజీవులు చేరి చీము పట్టకుండా ఉండాలి. రెండోదానికి 1867లో జోసెఫ్ లిస్టర్ ప్రకటించిన క్రిమినాశక పద్ధతి పునాది వేసింది. మొదటిది అంతకు ఇరవై ఏళ్ల ముందే దొరికింది గాని, దాన్ని నమ్మవచ్చునా అన్న సందేహం మాత్రం శతాబ్దం మారినా తీరలేదు.

1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్ నగరంలో విలియం మోర్టన్ అనే దంతవైద్యుడు రోగికి ఈథర్ ఆవిరి పీల్పించి, మెడ మీది కణితికి శస్త్రవైద్యుడు చేసిన చికిత్సను నొప్పి తెలియకుండా జరిపించాడు. మరుసటి ఏడు నవంబరులో ఎడిన్‌బరో ప్రసూతి వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫారం అనే మరో ద్రవాన్ని ప్రవేశపెట్టాడు. తియ్యని వాసన గల ఈ ద్రవం ఆవిరి ఈథర్ ఆవిరిలాగా మంటకు అంటుకోదు, తక్కువ మోతాదులోనే త్వరగా మత్తు కలిగిస్తుంది, చేతిగుడ్డ మీద కొన్ని చుక్కలు వేసి ముక్కు దగ్గర పట్టుకుంటే చాలు, వేరే పరికరం అక్కరలేదు. ఈ సౌలభ్యం వల్ల అది కొద్ది నెలల్లోనే బ్రిటన్ అంతటా వ్యాపించింది. 1848 జనవరి 28న ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ల బాలిక, కాలి బొటనవేలి గోరు తీయించుకోవడానికి క్లోరోఫారం పీల్చి, కొన్ని నిమిషాల్లోనే ప్రాణం విడిచింది. అంతకు కొద్ది నెలల ముందు ఈథర్ మత్తులో ఇదే తరహా చికిత్సను ఆమె సురక్షితంగా దాటింది. ఈసారి మాత్రం ఆమె చాలా భయపడిందని, ఏడ్చిందని ఆనాటి కథనాలు నమోదు చేశాయి. ఆ భయానికీ ఆ మరణానికీ సంబంధం ఉండవచ్చునన్న ఆలోచనకు శాస్త్రీయమైన ఆధారం దొరకడానికి మరో అరవై ఏళ్లు పట్టింది.

ఆ మరణం తరువాత అలాంటివి మరికొన్ని నమోదు కావడంతో వైద్యలోకం రెండుగా చీలింది. లండనులో జాన్ స్నో, కలరా నీటి ద్వారా వ్యాపిస్తుందని నిరూపించిన వైద్యుడే, క్లోరోఫారం ఆవిరి గాఢత పెరిగితే గుండె నేరుగా స్తంభించవచ్చునని, కాబట్టి పీల్చే గాలిలో ఆవిరి పాలు ఎంతో కొలిచి ఇవ్వాలని వాదించాడు. మరణానంతరం 1858లో వెలువడిన ఆయన గ్రంథంలో ఈ వాదం విపులంగా ఉంది. ఎడిన్‌బరోలో శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్, ఆయన శిష్యులు ఇందుకు విరుద్ధంగా, నాడి చూడనవసరం లేదని, శ్వాసను మాత్రం కనిపెట్టి ఉంటే క్లోరోఫారం వల్ల ప్రమాదమే లేదని బోధించారు. ఒకరు కొలవమన్నారు, మరొకరు కనిపెట్టి ఉంటే చాలన్నారు. బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ నియమించిన గ్లాస్గో సంఘం 1880లో జంతు ప్రయోగాల ఆధారంగా క్లోరోఫారం గుండెకు హాని చేస్తుందని ప్రకటించినా, ఎడిన్‌బరో సంప్రదాయంలో పెరిగిన వైద్యులు తమ నమ్మకాన్ని వదులుకోలేదు. వారిలో అందరికంటె పట్టుదల గలవాడు హైదరాబాదులో రెసిడెన్సీ సర్జన్‌గా పనిచేసిన ఎడ్వర్డ్ లారీ.

బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధి నివాసమైన రెసిడెన్సీకి వైద్యుడిగా 1885 ప్రాంతంలో వచ్చిన లారీ, ఆ పదవితోపాటు హైదరాబాదు మెడికల్ స్కూలు బాధ్యతను కూడా వహించాడు. 1846లో నెలకొన్న ఆ పాఠశాలే తరువాతి కాలంలో ఉస్మానియా వైద్య కళాశాలగా పరిణమించింది. లారీ సైమ్ బోధనను అక్షరాలా పాటించాడు: మూసిన పరికరం వద్దు, గాలి ధారాళంగా ఆడే శంకువు వంటి టోపీ చాలు, నాడి మీద వేలు పెట్టవద్దు, కళ్లు, చెవులు రోగి ఊపిరి మీదే ఉండాలి. తన ఆసుపత్రుల్లో ఈ పద్ధతి సురక్షితంగా నడుస్తున్నదని నిజాం ప్రభుత్వాన్ని ఒప్పించి, ఈ సంగతిని శాస్త్రీయంగా రుజువు చేయడానికి 1888లో ఒక పరిశోధక సంఘాన్ని వేయించాడు. మొదటి హైదరాబాదు క్లోరోఫారం కమిషన్ అదే. ఆ సంఘం నూటికి పైగా కుక్కలకు క్లోరోఫారం ఇచ్చి, ఊపిరి ఆగేదాకా కొనసాగించి, ఊపిరి ఆగిన ఎంతసేపటికి గుండె ఆగుతున్నదో, ఆ మధ్యకాలంలో కృత్రిమ శ్వాస కల్పిస్తే అవి తిరిగి బతుకుతాయో లేదో నమోదు చేసింది. ప్రతిసారీ ముందు ఆగేది శ్వాసే, గుండె కాదు అన్నది దాని తీర్పు.

లండనులోని సుప్రసిద్ధ వైద్యపత్రిక లాన్సెట్ ఈ ఫలితాన్ని నమ్మడానికి నిరాకరించింది. మనుషుల్లో నాడి హఠాత్తుగా ఆగిపోయిన మరణాలు దశాబ్దాలుగా నమోదై ఉండగా, కుక్కల మీద కొన్ని ప్రయోగాలు చూపి వాటన్నిటినీ తోసిపుచ్చడం కుదరదని ఆ పత్రిక అభ్యంతరం. అప్పుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం, లాన్సెట్ తన తరఫున ఎవరినైనా నిపుణుణ్ణి పంపితే ఖర్చుల కింద 1,000 పౌన్లు ఇస్తామని ప్రతిపాదించింది. ఔషధశాస్త్రంలో ఆనాటి పెద్దలలో ఒకడైన థామస్ లాడర్ బ్రంటన్ అలా 1889 అక్టోబరులో హైదరాబాదు చేరాడు. క్లోరోఫారం గుండెను దెబ్బతీయవచ్చునన్న అభిప్రాయంతోనే ఆయన వచ్చాడన్నది గమనించవలసిన విషయం. లారీ, బ్రంటన్, సైనిక వైద్యుడు బాంఫర్డ్, నిజాం వైద్యశాఖకు చెందిన రుస్తుంజీ సభ్యులుగా రెండవ కమిషన్ పని మొదలుపెట్టింది.

ఈసారి ప్రయోగాల పద్ధతి మరింత నిశితమైంది. జంతువు రక్తనాళానికి పాదరసం నింపిన గొట్టాన్ని కలిపి, రక్తపు ఒత్తిడిలో వచ్చే ప్రతి మార్పునూ మసిపూసిన కాగితం చుట్టిన తిరిగే డోలు మీద గీతగా నమోదు చేసి, ఆ గీతలను ఫొటోలు తీసి భద్రపరిచారు. డిసెంబరు మొదటి వారంలో లాన్సెట్ ప్రచురించిన బ్రంటన్ తంతి ప్రకారం కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిపి 490 జంతువులను వాడారు. వాటిలో 120 మీద ఒత్తిడి కొలిచే సాధనంతో పరిశీలన జరిగింది. క్లోరోఫారం వల్ల కలిగే ప్రమాదం ఊపిరాడకపోవడం వల్లనో మోతాదు మించడం వల్లనో తప్ప, గుండె మీద నేరుగా ఏమీ లేదన్నది ఆ తంతి సారాంశం. సందేహంతో వచ్చిన నిపుణుడే మనసు మార్చుకోవడంతో లారీ విజయం సంపూర్ణమైనట్లు కనిపించింది. 1890లో పూర్తి నివేదిక లాన్సెట్‌లో వెలువడింది.

ఆ నివేదికను ఈనాడు చదివేవారికి కలిగే భావం ఒక్కటిగా ఉండదు. బ్రిటన్‌లో 1876 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం సజీవ జంతువుల మీద ప్రయోగాలకు అనుమతిపత్రం తప్పనిసరిగా ఉండేది. నిజాం రాజ్యానికి ఆ చట్టం వర్తించలేదు. అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్న కుక్కలు నివేదికలో అంకెలుగానే మిగిలాయి. మత్తు వల్ల మనుషులు చనిపోకుండా ఉండేందుకు అవి చనిపోయాయి. వాటి నుంచి గ్రహించిన జ్ఞానం తిరిగి కుక్కల శస్త్రచికిత్సకే ఉపయోగపడింది. రోగి మెడకు, ఛాతీకి బిగుతు బట్టలు ఉండరాదని, పెనుగులాడుతూ ఊపిరి బిగబట్టిన రోగి ఒక్కసారిగా గుక్కపట్టి పీల్చే గాలిలో మోతాదు మించే ప్రమాదం ఉందని, అప్పుడు టోపీని తొలగించాలని, ఊపిరిలో తేడా కనిపించగానే దవడను ముందుకు పట్టి గాలి ఆడేటట్లు చూడాలని, ఆగితే వెంటనే కృత్రిమ శ్వాస ఇవ్వాలని కమిషన్ చెప్పిన ఆచరణ సూత్రాలు అక్షరాలా విలువైనవి. ఈ సూత్రాలను పాటించినచోట ప్రాణాలు నిలిచాయనడంలో సందేహం అవసరం లేదు.

హైదరాబాదు ఈ చరిత్రకు ఇచ్చినది కమిషన్ ఒక్కటే కాదు. లారీ ప్రోత్సాహంతో 1885లో మెడికల్ స్కూలులో చేరిన మొదటి విద్యార్థినులలో ఒకరైన రూపాబాయి ఫర్దూంజీ, 1889లో పట్టా పొంది, నగరంలోని ఆసుపత్రుల్లో క్లోరోఫారం ఇచ్చే బాధ్యతను వృత్తిగా స్వీకరించింది. మత్తు ఇవ్వడాన్ని తన ప్రధాన వృత్తిగా చేసుకున్న ప్రపంచపు తొలి మహిళా వైద్యురాలిగా ఆమెను చరిత్రకారులు గుర్తిస్తారు. తరువాత ఎడిన్‌బరో వెళ్లి, మత్తుమందుల స్వభావం అర్థం కావాలంటే అవసరమైన భౌతిక, రసాయన శాస్త్రాలను ఆమె చదివింది. శస్త్రవైద్యుడి కన్ను కోత మీద ఉంటే మత్తిచ్చేవారి కన్ను ఎల్లవేళలా ఊపిరి మీద ఉండాలన్న పనివిభజన ఇలాంటి వ్యక్తుల జీవితాల్లోనే రూపుదిద్దుకుంది. నేటి పశువైద్యశాలలో కుక్కను బల్ల మీద పడుకోబెట్టినప్పుడు, మత్తును కనిపెట్టి ఉండడానికి ప్రత్యేకంగా ఒకరున్నారా అని అడిగే కుటుంబం ఆ సంప్రదాయాన్ని ప్రశ్న రూపంలో కొనసాగిస్తున్నట్లే.

లారీ విజయం ఎక్కువ కాలం నిలవలేదు. 1893లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు గాస్కెల్, షోర్, ఒక జంతువు మెదడుకు మరొక జంతువు రక్తం అందేటట్లు కలిపి, క్లోరోఫారం మెదడును చేరకుండా గుండెను మాత్రమే చేరినప్పుడు కూడా రక్తపు ఒత్తిడి పడిపోతుందని చూపారు. 1902లో ఆస్ట్రేలియా వైద్యుడు ఎంబ్లీ కుక్కల గుండె ఈ మందుకు ఎంత సున్నితంగా స్పందిస్తుందో వివరించాడు. అయినా అసలు ముడి 1911లో గాని విడలేదు. ఆ సంవత్సరం లండనులో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు, తేలికపాటి క్లోరోఫారం మత్తులో ఉన్న పిల్లుల రక్తంలోకి అడ్రినలిన్‌ను ఎక్కిస్తే వాటి గుండె కింది గదులు క్రమం తప్పి వణకడం మొదలై, కొన్ని క్షణాల్లోనే రక్తప్రసరణ ఆగిపోతుందని కనుగొన్నాడు. అడ్రినలిన్ అంటే భయం, కోపం, నొప్పి కలిగినప్పుడు మూత్రపిండాల పైనుండే గ్రంథులు విడుదల చేసే స్రావం. దట్టమైన మత్తులో ఈ ప్రమాదం తగ్గుతుంది, మత్తు ఇంకా పైపైనే ఉన్నప్పుడు పెరుగుతుంది.

ఈ ఒక్క ఫలితంతో అరవై ఏళ్ల వాదానికి అర్థం దొరికింది. హైదరాబాదు కుక్కలకు మందును ఆపకుండా, దట్టంగా ఇస్తూ పోయారు కాబట్టి అవి నిజంగానే ముందు ఊపిరి ఆగి మరణించాయి. లారీ చూసింది అబద్ధం కాదు. భయంతో వణుకుతూ, మొదటి కొన్ని గుక్కలలోనే ప్రాణం పోయిన హానా గ్రీనర్ వంటివారి మరణం మరో మార్గాన జరిగింది. స్నో భయపడింది కూడా అబద్ధం కాదు. అయితే ఒకదాన్ని చూసి మరొకటి లేనే లేదని ప్రకటించిన నిశ్చయం వల్ల, నాడి చూడవద్దన్న బోధ మరో ఇరవై ఏళ్లు కొన్ని ఆసుపత్రుల్లో కొనసాగింది. లెవీ పరిశోధన నుంచి వైద్యులు గ్రహించిన మరో పాఠం ఈ వ్యాస విషయానికి అత్యంత సన్నిహితమైనది. రోగి భయం శరీరంలో కొలవగలిగిన రసాయనమని, దాన్ని తగ్గించడం ఓదార్పుకు సంబంధించిన మర్యాద మాత్రమే గాక చికిత్సలో ఒక అంగమని అప్పటికి తేలిపోయింది. మత్తు ఇవ్వడానికి ముందే మనసును, శరీరాన్ని నెమ్మదింపజేసే సూదిమందు ఇవ్వడం క్రమంగా నియమంగా స్థిరపడడానికి ఉన్న కారణాల్లో ఇది ముఖ్యమైనది.

పశువైద్యంలో ఈ జ్ఞానాన్ని కుక్కలకు, పిల్లులకు అన్వయించడంలో లండను రాయల్ వెటర్నరీ కళాశాలకు చెందిన ఫ్రెడరిక్ హాబ్డేది పెద్ద చేయి. 1890ల నుంచి ఆయన కుక్కలకు క్లోరోఫారం ఇచ్చి వందల శస్త్రచికిత్సలు జరిపి, వాటి ఫలితాలను ప్రచురించాడు. జంతువులకు, పక్షులకు మత్తు ఇచ్చే పద్ధతుల మీద ఆయన రాసిన గ్రంథం 1915లో వెలువడింది. తాళ్లతో కట్టి, మూతి బిగించి కోయడమే పశువైద్యమని నమ్మే కాలంలో, కుక్కకూ మనిషికి ఇచ్చినంత జాగ్రత్తగా మత్తు ఇవ్వవచ్చునని ఆయన ఆచరణలో చూపాడు. కొన్ని రకాల శస్త్రచికిత్సలకు జంతువులకు మత్తు తప్పనిసరి చేస్తూ బ్రిటన్ 1919లో చట్టం చేసింది. అప్పటి నుంచి మందులు మారుతూ వచ్చాయి. 1930లలో నరంలోకి ఎక్కించే బార్బిట్యురేట్లు వచ్చి, ముక్కుకు గుడ్డ అడ్డుపెట్టి పెనుగులాడించే అవసరాన్ని తొలగించాయి. 1956లో వైద్యంలోకి వచ్చిన హాలొథేన్ అనే పీల్చే మందు క్లోరోఫారాన్ని పూర్తిగా మూలన పడవేసింది. 1960లలో రూపొందిన కెటమిన్, జైలజీన్ అనే సూదిమందులు యంత్రాలు లేనిచోట కూడా చికిత్సను సాధ్యం చేశాయి. 1974లో జపాను ఇంజనీరు తకువొ అయోయాగి వివరించిన సూత్రం మీద తయారైన పల్స్ ఆక్సీమీటరు, నాలుకకో చెవికో తగిలించే చిన్న క్లిప్పుతో, రక్తంలోని ప్రాణవాయువు శాతాన్ని, నాడిని ఏకకాలంలో చూపడంతో, ఊపిరా గుండెనా అన్న పాత వివాదం ఒకే తెర మీద రెండు అంకెలుగా పక్కపక్కన నిలిచింది.

మన దేశంలో కుక్కల నిర్బీజీకరణ విస్తృతంగా మొదలైంది పెంపుడు కుక్కలతో కాదు, వీధి కుక్కలతో. కెప్టెన్ వి. సుందరం 1959లో మద్రాసులో స్థాపించిన బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా, కుక్కలను పట్టి చంపే నగరపాలక పద్ధతికి బదులు శస్త్రచికిత్స చేసి, వ్యాధి నిరోధక టీకా వేసి, పట్టిన చోటనే వదలాలని 1964 నుంచి కోరుతూ వచ్చింది. ఆ నగరం ఈ పద్ధతిని 1996లో అమలులోకి తెచ్చింది. అదే దశకంలో హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ జంతు సంక్షేమ సంస్థలు ఈ పనికి పూనుకున్నాయి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 2001లో కేంద్రం చేసిన జంతు జనన నియంత్రణ నియమావళి దీనికి చట్టబద్ధత కల్పించగా, 2023లో దాని స్థానంలో కొత్త నియమావళి వచ్చింది. వేల కుక్కలకు ఈ శిబిరాల్లో చేసిన చికిత్సల వల్ల ఈ శస్త్రచికిత్సలో చేయి తిరిగిన పశువైద్యుల తరం ఒకటి తయారైంది. నేడు పెంపుడు కుక్కకు అదే పని చేసే వైద్యుల్లో పలువురి అనుభవం అక్కడిదే. ఒక తేడా మాత్రం ఉంది. వీధి కుక్కకు ఆసుపత్రి వరండాలో కూర్చుని ఎదురుచూసేవారు సాధారణంగా ఉండరు. పెంపుడు కుక్కకు ఉంటారు, ప్రశ్నలు వేస్తారు. ఆ ప్రశ్నల ఒత్తిడి వల్లనే ముందస్తు రక్తపరీక్షలు, సంతకంతో కూడిన అంగీకారపత్రం, చికిత్స తరువాత నొప్పి మందు వంటివి పెంపుడు జంతువుల వైద్యంలో మరింత త్వరగా స్థిరపడ్డాయని అనుకోవడం సమంజసమే.

నొప్పి మందు సంగతిని ఇక్కడ ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. చికిత్స తరువాత కుక్కకు కొంచెం నొప్పి ఉంటేనే మంచిదని, అప్పుడే అది కదలకుండా పడి ఉండి కుట్లు ఊడదీసుకోదని నమ్మిన కాలం ఒకటి పశువైద్యంలో దీర్ఘంగా నడిచింది. ఆ వాదం తప్పని, నొప్పిలో ఉన్న జంతువు తిండి మానుతుందని, గాయం మానడం ఆలస్యమవుతుందని ఒప్పుకోవడానికి 20వ శతాబ్దం చివరిదాకా ఆగవలసి వచ్చింది. కార్ప్రొఫెన్, మెలాక్సికమ్ వంటి మందులు కుక్కలకు 1990లలో వాడుకలోకి వచ్చాకే, ఇంటికి తీసుకువెళ్లేటప్పుడు మాత్రలు ఇచ్చి పంపే పద్ధతి సాధారణమైంది. మూగజీవి నొప్పి చెప్పుకోదు కాబట్టి దానికి నొప్పి తక్కువని భావించిన ఆ తరాల పొరపాటు చిన్నది కాదు.

కొన్ని దేశాల్లో ఈ చికిత్స చేయించాలా వద్దా అన్నదే దిగులుకు మూలం. స్వీడన్‌లో వైద్యకారణం లేకుండా కుక్కలకు నిర్బీజీకరణ చేయడం 1988 దాకా నిషిద్ధం. నార్వేలో నేటికీ తగిన కారణం చూపాలి. స్వీడన్‌లో ఎక్కువ ఆడ కుక్కలు గర్భసంచితోనే పెరిగిన కారణంగా, అక్కడి బీమా నమోదుల ఆధారంగా జరిగిన అధ్యయనం, పదేళ్ల వయసు లోపల దాదాపు నాలుగో వంతు ఆడ కుక్కలకు గర్భసంచిలో చీము చేరే ప్రాణాంతక వ్యాధి వస్తుందని వెల్లడించింది. ఇంకోవైపు, 2013 నుంచి అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బెంజమిన్ హార్ట్ బృందం జరిపిన అధ్యయనాలు, గోల్డెన్ రిట్రీవర్ వంటి పెద్ద జాతులకు మరీ చిన్న వయసులో ఈ చికిత్స చేస్తే కీళ్ల వ్యాధులు పెరగవచ్చునని చూపాయి. ఆరు నెలలు నిండగానే చేయించాలన్న పాత మాట స్థానంలో, జాతిని, బరువును, లింగాన్ని బట్టి వయసు నిర్ణయించాలన్న ఆలోచన బలపడుతున్నది. ఒక్క ఈతైనా ఈనిస్తేనే ఆడ కుక్క ఆరోగ్యంగా ఉంటుందని ఇళ్లలో వినిపించే మాటకు మాత్రం ఆధారం లేదు.

ఈనాటి దిగులుకు అంకెలు కొంత ఆసరా ఇస్తాయి. బ్రిటన్‌లో 1984 నుంచి 1986 వరకు జరిగిన సర్వేలో ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లో మత్తుకు సంబంధించిన మరణం 870కి ఒకటిగా తేలింది. 2002 నుంచి 2004 వరకు, 98,036 కుక్కల వివరాలతో జరిగిన మరింత పెద్ద పరిశీలనలో అది ఆరోగ్యవంతమైన కుక్కల విషయంలో దాదాపు 1,850కి ఒకటిగా తగ్గింది. జబ్బుపడిన కుక్కలకు ప్రమాదం ఇంతకంటె చాలా ఎక్కువ. నిర్బీజీకరణకు వచ్చే కుక్కలు సాధారణంగా చిన్న వయసువి, ఆరోగ్యవంతమైనవి కాబట్టి వాటికి ఆరోగ్యవంతమైన కుక్కల అంకెలే వర్తిస్తాయి. కుక్క ఏ వర్గంలో ఉన్నదో ముందే తేల్చడానికి పశువైద్యులు వాడే ఆరోగ్య శ్రేణులు, అమెరికా మత్తు వైద్యుల సంఘం 1941లో మనుషుల కోసం రూపొందించిన పట్టిక నుంచి వచ్చినవి. పూర్తి ఆరోగ్యం మొదటి శ్రేణి, ప్రాణాపాయ స్థితి చివరి శ్రేణుల్లోకి వస్తుంది. గుండె చప్పుడు వినడం, రక్తపరీక్ష చేయించడం ఈ శ్రేణిని నిర్ణయించడానికే గనుక, ఆ పరీక్షలు ఎందుకు, వాటిలో ఏమి తేలింది అని వైద్యుణ్ణి అడగడం కుటుంబానికి దిగులు తగ్గించుకునే మార్గాల్లో అన్నిటికంటె నమ్మదగినది.

ముందు రాత్రి నుంచి తిండి పెట్టవద్దన్న ఆదేశానికి కూడా చరిత్ర ఉంది. మత్తులో ఉన్నప్పుడు కడుపులోని ఆహారం, ఆమ్లం పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి జారితే ఎంత ప్రమాదమో 1946లో అమెరికా ప్రసూతి వైద్యుడు కర్టిస్ మెండెల్‌సన్ వివరించాడు. ఆకలితో కాళ్ల చుట్టూ తిరిగే కుక్కను చూడలేక బిస్కెట్టు ముక్క వేసేవారికి ఈ సంగతి తెలిసి ఉండడం అవసరం. బొత్తిగా చిన్న కుక్కపిల్లలకు మాత్రం ఎక్కువసేపు ఉపవాసం పనికిరాదు కాబట్టి ఎన్ని గంటలన్నది వైద్యుడే చెప్పాలి. అలాగే, మొదటి సూదిమందు పనిచేసి కుక్క మగతలోకి జారేదాకా ఇంటి మనిషి పక్కనే ఉండి, తెలిసిన గొంతుతో మాట్లాడుతూ, దాని దుప్పటినే పరిచి ఉంచడాన్ని కొన్ని ఆసుపత్రులు అనుమతిస్తున్నాయి. లెవీ పిల్లుల మీద చూపిన నిజాన్ని బట్టి చూస్తే, మందులు మారినప్పటికీ, ఆ కొద్ది నిమిషాల నెమ్మది కుక్క గుండెకు నిజమైన మేలు. అందుచేత తన దిగులును కుక్క ముందు చూపకుండా నిలబడగలిగిన మనిషినే ఆ సమయంలో దానితో పంపడం మంచిది. కుటుంబంలో ఎక్కువగా ఏడ్చేవారు వరండాలో ఆగడమే కుక్కకు మేలు.

2002–2004 పరిశీలన వెల్లడించిన మరో విషయం వైద్యశాలల అలవాట్లను మార్చింది. కుక్కల మరణాల్లో దాదాపు సగం శస్త్రచికిత్స జరుగుతుండగా కాక, అది ముగిసిన తరువాత సంభవించాయి; వాటిలోనూ మొదటి మూడు గంటల్లో ఎక్కువ. కోత పూర్తయింది, ఇక గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకునే ఆ సమయంలోనే కనిపెట్టి ఉండడం తగ్గుతుందన్నమాట. ఇప్పుడు జాగ్రత్తగల వైద్యశాలలు కుక్క తలెత్తి, చుట్టూ చూసి, తడబడకుండా నాలుగు అడుగులు వేసేదాకా దాన్ని వెచ్చగా ఉంచి, ఊపిరిని, చిగుళ్ల రంగును మధ్య మధ్య చూస్తూనే ఉంటాయి, ఆ తరువాతే ఇంటికి పంపుతాయి. చిగుళ్లు పాలిపోయినా, ఊపిరి కష్టమైనా, కుట్ల దగ్గర రక్తం ఆగకపోయినా ఎంత రాత్రి అయినా ఫోను చేయమని చెప్పి, ఆ నంబరును మందుల చీటీ మీద రాసి ఇవ్వడం ఆ పనిలో చివరి భాగం.